వింది, విన్నాను

"ఏదో ఒకటి ఉంచండి అత్తయ్యా. 'నేను' అయితే 'నేను', 'ఆమె' అయితే 'ఆమె'. రెండూ ఒకే అధ్యాయంలో ఇమడవు."

"ఎందుకు ఇమడవూ? ఒకే కడుపులో కవలలు ఇమడటం లేదా?"

"కవలలైనా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పుడతారు. మీవాళ్ళిద్దరూ ఒకే పేరాలోంచి తోసుకుంటూ వస్తున్నారు."

ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తున్న మావారు కిసుక్కున నవ్వారు. నాలుగు రోజులుగా పొద్దున్న టీ దగ్గర ఇదే తగువు. మొదటి రోజు మర్యాదగానే మొదలైంది. రెండో రోజుకి పంచదార డబ్బా మూత టప్పున పెట్టే దాకా వచ్చింది. నాలుగో రోజుకి ఇద్దరికీ అలవాటైపోయి, వాదించుకుంటూనే ఆవిడ నా రొట్టెకి వెన్న రాసింది, నేను ఆవిడ కళ్ళజోడు తుడిచి ఇచ్చాను.

"చదివేవాళ్ళు తికమకపడతారండీ."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే అమ్మాయ్? ముప్పై ఏళ్ళు రాశాను. తికమకగా ఉందని ఒక్కళ్ళు ఉత్తరం రాసిన పాపాన పోలేదు."

"అప్పుడు మీరు ఒక్కదాన్నే పట్టుకుని రాసేవారు. మొదటి పేజీలో 'ఆమె' అంటే ఆఖరి పేజీదాకా 'ఆమె'నే. ఇప్పుడే ఇలా..."

"ఇప్పుడే ఇలా" అని ఆవిడ టీ గ్లాసు ఎత్తింది. ఇక ఆ పూటకి ఆ మాట అయిపోయినట్టు.

"మీ మధ్యకి నన్ను లాగకండి తల్లులారా. నాకు ఎముకలైతే తెలుస్తాయి గానీ సర్వనామాలు తెలియవు" అన్నారు మావారు. ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తారు. నిజానికి ఆయన్ని ఎవరూ లాగలేదు.

అత్తయ్య ఒకప్పుడు వారపత్రికల్లో సీరియళ్ళు రాసేది. ఎనిమిదేళ్ళుగా కలం ముట్టనిది ఈ వేసవిలో ఉన్నట్టుండి పొడుగు నోట్‌బుక్కులు అరడజను తెప్పించుకుంది. "ఇది ఆఖరిది. దీని తర్వాత నా దగ్గర చెప్పడానికేమీ మిగలదు" అంది. పెళ్ళై కొత్తగా కాపురానికి వచ్చి, ఇంటి చాకిరీ అంతా అయ్యాక దొరికే ఒక్క గంటలో కథలు రాసుకోవాలని తాపత్రయపడే అమ్మాయి గురించి నవల. ఆవిడ రాస్తుంది, నేను టైపు చేస్తాను. ప్రెస్‌లో నేను ప్రూఫ్‌రీడర్ని. పాఠ్యపుస్తకాలు, విత్తనాల పొట్లాల మీద రాతలు, మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు, ఏవైనా సరే తప్పులు పట్టడమే నా బతుకు. ఇంట్లో కూడా ఆ జబ్బు వదలదని మావారు దెప్పుతూ ఉంటారు.

ఆ తగువు జరుగుతున్నంతసేపూ మామయ్య వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని, తలుపు అంచుకి కొవ్వొత్తి ముక్క రుద్దుతున్నారు. వానలు పడే ముందు ఇంట్లో ఉన్న పదకొండు తలుపులకీ ఆయన మైనం రాస్తారు. వానలు పడ్డాక రోజూ ఏదో ఒక తలుపుకి మళ్ళీ రాస్తారు. ఏ తలుపైనా కాస్త కిర్రుమంటే అన్నం మధ్యలోంచి లేచిపోతారు. కొత్తగా వచ్చినప్పుడు నవ్వుకున్నాను. తర్వాత మావారు చెప్పారు. మామయ్యకి ఒక చెల్లెలు ఉండేదట. పంతొమ్మిదేళ్ళు. ఆయాసం మనిషి. ఒక వానాకాలం మధ్యాహ్నం వెనక గదిలో ఉండగా చెక్క ఉబ్బి తలుపు బిగుసుకుపోయిందట. మామయ్య పని నుంచి వచ్చేసరికే ఆలస్యమైపోయిందట. అప్పటి నుంచీ ఆయన మైనం రుద్దుతూనే ఉన్నారు. గడియారాలు బాగుచేసే మనిషి, చేతులు నెమ్మది. నాలుగు దశాబ్దాలుగా ఆ చేతులకి ఆ ఒక్క పని చాలడం లేదు.

మా అమ్మాయికి ఆరేళ్ళు. ఎప్పుడూ కిచకిచలాడుతూ ఉంటుందని అందరం పిచ్చుక అంటాం. మేనత్తల, అమ్మమ్మల పోలికలు రావడం వింటాం గానీ, దీనికి తాత చెల్లెలి ఆయాసం వచ్చింది. వంటింట్లో మేకుకి చిన్న గుడ్డసంచి వేలాడుతుంది. అందులో దాని ఇన్‌హేలర్. బడి ఒంటిగంటకి వదులుతారు. మామయ్య దాన్ని ఇంట్లో దింపి గడియారాల కొట్టుకి వెళ్ళిపోతారు. నేను వచ్చేసరికి అయిదున్నర. ఆ నాలుగున్నర గంటలూ ఇంట్లో నానమ్మా మనవరాలే.

"మీరు రాసుకుంటుంటే అల్లరి చేస్తోందా?" అని ఒకసారి అడిగాను.

"అబ్బే. నోరెత్తదు. బంగారం" అంది అత్తయ్య.

నోట్లో నువ్వుగింజ నానని పిల్ల గురించి ఆ మాట విని నేను సంతోషించాను.

*

ఆ సాయంత్రం కోడలు ఆరేసిన బట్టలు తీయడానికి వెనక వసారాలోకి వెళ్ళింది. వాన మొదలయ్యేలా ఉంది. తీగ మీది బట్టలన్నీ భుజాన వేసుకుని తిరిగేటప్పుడు, దుప్పటి కొంగు వెనక గది గొళ్ళేనికి చిక్కుకుంది.

ఆ గదిలో పాత పెట్టెలు, కాలు విరిగిన కుర్చీ, పనికిరాని ఫ్యానూ తప్ప ఏమీ ఉండవు. తలుపు ఎప్పుడూ దగ్గరగా వేసి ఉంటుంది, అంతే. బయటి గొళ్ళెం ఎవరూ ముట్టుకునేది కాదు. తలుపుకి రంగు వేసిన ప్రతిసారీ దాని మీద కూడా ఒక పూత పడి, ఆకుపచ్చగా గడ్డకట్టి, తలుపులో భాగమైపోయింది.

కోడలు దుప్పటి విడదీసింది. గొళ్ళెం చుట్టూ రంగు పగిలి ఉంది. వేలితో ముట్టుకుంది. జిడ్డు తగిలింది. వాసన చూసింది. వంటనూనె.

గొళ్ళెం ఒకసారి వేసింది, ఒకసారి తీసింది. చప్పుడు కాలేదు. తలుపు తోసి చూసింది. గదిలో పెద్ద పెట్టె మీద దుమ్ము ఒకచోట మాత్రం లేదు, ఒక చిన్న మనిషి కూర్చున్నంత మేర. దాని పక్కన పిప్పరమెంటు కాగితాలు పడవల్లా మడిచి, వరసగా ఏడు.

అడగొచ్చు. అడిగితే సమాధానం వస్తుంది. సమాధానం వస్తే ఆ నాలుగున్నర గంటలూ పిల్లని ఎక్కడ ఉంచాలో వెతుక్కోవాలి. ఆ నెలలోనే ప్రెస్‌లో ఆమెకి కిటికీ పక్కన పెద్ద బల్ల ఇచ్చారు. పిల్లలు దాగుడుమూతలు ఆడుకోరా ఏమిటి అనుకుంది. పడవల్ని ఉన్నచోటే ఉంచి, తలుపు దగ్గరగా వేసి, బట్టలు మడత పెట్టుకుంది.

*

రెండు వారాలు గడిచాయి. టైపు అయినంతవరకు పంపితే చదివి, ప్రచురణకర్త ఫోను చేసి అచ్చు నేనన్న మాటే అన్నాడు. "అమ్మగారి నవల బ్రహ్మాండంగా ఉంది గానీ, ఆ 'నేను', 'ఆమె' గొడవ మీరు సర్దేయండి. ఎవరో ఒకరే ఉండాలి."

అత్తయ్యకి చెప్పాను. ఆవిడ మళ్ళీ కవలల సంగతి ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. నోట్‌బుక్ అట్టని అరచేత్తో నిమిరింది.

"సరే. అంతా 'ఆమె' చేసెయ్. 'నేను' అన్నది ఎక్కడా కనపడకూడదు."

"అలాగే" అన్నాను.

కానీ మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒకే మాట రెండు రకాలుగా పడితే, ఏది తక్కువసార్లు పడిందో దాన్ని దిద్దుతాం. పని తగ్గుతుంది, కొత్త తప్పులు దొర్లవు. చూస్తే మొదటి ఆరు అధ్యాయాల్లోనూ దాదాపు అంతా 'నేను'. 'ఆమె' అక్కడక్కడ. ఏడో అధ్యాయం ఒక్కటీ నిండా 'ఆమె'. ఆరు అధ్యాయాలు మార్చడం కన్నా ఒక్కటి మార్చడం తేలిక. ఆవిడకి తర్వాత నచ్చజెప్పుకోవచ్చులే అని, మర్నాడు ప్రెస్‌లో భోజనాల వేళ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఏడో అధ్యాయాన్ని 'నేను' చెయ్యడం మొదలుపెట్టాను. టైపు చేసేటప్పుడు నేను అక్షరాలే చూస్తాను, అర్థం మనసుకెక్కదు.

మన భాషలో 'ఆమె' కొట్టేసి 'నేను' పెడితే అయిపోదు. ప్రతి క్రియకీ తోక ఉంటుంది. చేసింది అంటే ఒక మనిషి, చేశాను అంటే ఇంకో మనిషి. కర్తని దాచినా తోక చెప్పేస్తుంది. అందుకని వాక్యం వాక్యానికీ ఆగి తోకలు తిప్పాలి.

'మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక ఆమెకి ఒక గంట దొరికేది. ఆడపడుచు సరిగ్గా ఆ గంటలోనే పిలిచేది. దాహం అనేది. ఒక్కదాన్నే ఉండలేను, వచ్చి కూర్చో వదినా అనేది. ఆ రోజు ఆమె వెనక గదికి బయటి నుంచి గొళ్ళెం పెట్టింది.'

నాకు ఒక గంట దొరికేది, అని మార్చాను. గొళ్ళెం పెట్టాను, అని మార్చాను.

'గొళ్ళేనికి ముందురోజే నూనె రాసింది. వచ్చి బల్ల ముందు కూర్చుంది. కలం మూత తీసింది.'

రాశాను. కూర్చున్నాను. తీశాను.

'మూడుసార్లు తట్టిన చప్పుడు విన్నాను.'

నా వేళ్ళు ఆగాయి. అక్కడ తిప్పడానికి తోక లేదు. టైపులో నేనే పొరపాటు చేశానేమోనని నోట్‌బుక్‌లో చూశాను. ఆవిడ గుండ్రటి రాతలో, కొట్టివేత లేకుండా, స్పష్టంగా ఉంది. ముందు వాక్యంలో 'తీసింది'. తర్వాత వాక్యంలో 'పేజీ పూర్తి చేసి లేచింది. అప్పటికి తట్టడం ఆగిపోయింది.' నడుమ ఆ ఒక్క క్రియ మాత్రం ఎవరూ దిద్దకుండానే 'నేను' అయి కూర్చుంది.

ఆవిడ రాతలో నేను అక్షరదోషాలు చూశాను, ఒత్తులు మరిచిపోవడం చూశాను. ఇలాంటిది చూడలేదు.

కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. 'తలుపు బిగుసుకుపోయిందని చెప్పింది. ఆయన నమ్మాడు.'

చెప్పింది అన్న మాట మీద కర్సర్ మెరుస్తూ ఉంది. నేను దాన్ని మార్చలేదు. టిఫిను డబ్బా మూత తీయకుండానే మళ్ళీ సంచీలో పెట్టేశాను.

*

మర్నాడు పొద్దున్న టీ దగ్గర, ఎంతో మామూలుగా అడుగుతున్నట్టు అడిగాను.

"ఏడో అధ్యాయంలో ఒక్కచోట 'విన్నాను' అని పడింది అత్తయ్యా. చుట్టూ అంతా 'ఆమె' కదా. పొరపాటా?"

ఆవిడ గ్లాసు పెదవుల దాకా తెచ్చుకుని ఆపింది. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. తుడుచుకోలేదు.

"పొరపాటే. 'వింది' అని దిద్దు."

"ఏం వింది?" అన్నారు మామయ్య, గుమ్మం దగ్గర నుంచి. ఆయన చేతిలో కొవ్వొత్తి ముక్క ఉంది.

"కథలో అండీ" అంది ఆవిడ.

"కథలోనే, ఏం వింది అని."

"ఏదో చప్పుడు. మీకెందుకు, మీ తలుపు చూసుకోండి."

ఆయన నవ్వి తలుపు చూసుకున్నారు. "నలభై ఏళ్ళ నుంచీ ఇంతే తల్లీ. కథ ఏంటో అచ్చయ్యేదాకా నాకు చెప్పదు" అన్నారు నాతో. అత్తయ్య నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేను ఎంతవరకు చదివానో అంచనా వేసుకుంటున్నట్టు ఉంది. నేను పిచ్చుక జడ వెయ్యడానికి లేచాను.

బడికి తీసుకెళ్తుంటే చినుకులు మొదలయ్యాయి. ఒకే గొడుగు. అది నా నడుముని కరుచుకుని నీటి గుంటలు దాటుతోంది.

"అమ్మా, నిన్న పాప దగ్గింది. అయినా గెలిచింది తెలుసా?"

"ఏ పాప?"

"కథలో పాప."

"ఎవరి కథలో?"

"అబ్బా, నీకేం తెలీదు. నానమ్మ రాసుకునేటప్పుడు ఆడతాం కదా. వెనక గదిలోకి వెళ్తే నేను పాపని అయిపోతాను. అప్పుడు 'నేను' అనకూడదు. 'నాకు అమ్మ కావాలి' అంటే ఓడిపోయినట్టు. 'పాపకి అమ్మ కావాలి' అంటే ఓడిపోనట్టు. కానీ మెల్లిగా అనాలి."

"గెలిస్తే?"

"పిప్పరమెంటు."

"తలుపు ఎవరు తీస్తారు?"

"తలుపు నానమ్మది" అంది, అంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు.

గొడుగు ఏ చేత్తో పట్టుకున్నానో నాకే తెలియలేదు. "భయం వెయ్యదూ?" అన్నాను.

"పాపకి వేస్తుంది. నాకెందుకు వేస్తుంది? నేను గదిలో లేనుగా." కాసేపు ఆలోచించి నా చెయ్యి లాగింది. "ఇది ఎవరికీ చెప్పకూడదంది నానమ్మ. నేను చెప్పలేదు. పాప చెప్పింది. సరేనా?"

"సరే" అన్నాను.

బడి గేటు దగ్గర అది వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

*

ప్రూఫ్‌రీడర్ పన్నెండున్నరకల్లా లేచి బడికి వెళ్ళాలనుకుంది. పిల్లని అక్కడి నుంచే తనతో తెచ్చుకోవాలనుకుంది. సూపర్‌వైజర్‌కి ఆ మాట పొద్దున్నే చెప్పింది కూడా. ఆయన్ని ప్రెస్‌లో అందరూ తొందరాయన అంటారు. పన్నెండూ ఇరవైకి ఆయన వచ్చి ఆమె బల్ల మీద మందుల కాగితం ప్రూఫు పరిచాడు.

"ఇది మిషను మీద ఉందమ్మా. మీరు చూస్తే గానీ తిప్పరు. రెండు పేజీలే."

మోతాదులూ, హెచ్చరికలూ, పిల్లలకి దూరంగా ఉంచవలెననీ. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఒక పేజీ అయింది. గడియారం చూసింది. ఒంటిగంట దాటింది. ఇప్పుడు బడికి వెళ్ళినా పిల్ల ఉండదు, ఇంటికే వెళ్ళాలి. ఎలాగూ ఇంటికే అయితే ఇంకో పది నిమిషాలకి ఏమవుతుంది అనుకుంది. సగంలో వదిలితే మళ్ళీ మొదటి నుంచీ చూడాలి. కిటికీ బయట వాన పెద్దదైంది. వాన తగ్గనీ అనుకుంది.

పేజీ పూర్తి చేసి లేచింది.

ఇంతవరకూ రాసి, పై నుంచి ఒకసారి చదువుకున్నాను. నా పనే అది. చదువుతుంటే నాకే తెలిసింది, ఎక్కడెక్కడ తోక మారిందో. గొళ్ళేనికి నూనె ఉందని కనిపెట్టినది ఎవరో కోడలు కాదు. పేజీ పూర్తి చేసింది ఎవరో ప్రూఫ్‌రీడరూ కాదు. దిద్దుతున్నాను. గొళ్ళెం చూశాను. చూసి బట్టలు మడత పెట్టుకున్నాను. పేజీ పూర్తి చేసి లేచాను. అప్పుడు టైము రెండూ పది.

*

ఇంటికి చేరేసరికి మూడుకి పావుగంట తక్కువ. నా దగ్గర ఉన్న తాళం చెవితో వీధి తలుపు తీశాను. మైనం రాసిన తలుపు, చప్పుడు కాలేదు.

అత్తయ్య భోజనాల బల్ల దగ్గర నాకు వీపు చేసి కూర్చుని రాస్తోంది. జుట్టు ముడి వదులై మెడ మీద పడింది. గదిలో కలం గీరుతున్న చప్పుడు, బయట వాన. పుట్టుకతోనే ఆ కుర్చీలో కూర్చుందేమో అన్నంత కుదురుగా ఉంది మనిషి.

టక్. టక్. టక్.

వెనక నుంచి వచ్చింది ఆ చప్పుడు. గట్టిగా లేదు. ఓడిపోకుండా తట్టాలంటే ఎలా తట్టాలో, అలా తట్టినట్టుంది.

కలం ఆగలేదు.

వాక్యం చివరిదాకా వెళ్ళింది, చుక్క పెట్టింది, కింద గీతకి దిగింది.

టక్. టక్.

మూడోది రాలేదు. దాని కోసం ఎదురుచూస్తూ నేను నిలబడి ఉన్నానని నాకు అర్థమైంది. చెప్పులతోనే పరిగెత్తాను. వంటింట్లో మేకుకున్న సంచి లాగితే మేకు కూడా ఊడి వచ్చింది. వెనక గది గొళ్ళెం నూనెకి జారిపోయి రెండుసార్లు చేతికి దొరకలేదు.

పిచ్చుక తలుపు పక్కనే కింద కూర్చుని ఉంది. మోకాళ్ళు గుండెలకి ముడుచుకుని, భుజాలు ఎగరేస్తోంది. ఊపిరి లోపలికి వెళ్తుంటే ఈల వినపడుతోంది. పెదాలు పాలిపోయాయి. ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కాను. ఒకటి. పీల్చు. పట్టి ఉంచు. రెండు. దాని గోళ్ళు నా ముంజేతిలో దిగాయి. మూడోసారికి గాని ఈల తగ్గలేదు.

మాట రాగానే అది అడిగింది. "పాప... గెలిచిందా?"

"నువ్వు" అన్నాను. "పాప కాదు, నువ్వు. నాకు ఊపిరి ఆడటం లేదు అను. గట్టిగా అను."

"అంటే ఓడిపోతానుగా."

"ఓడిపో. ఫర్వాలేదు."

అది నన్ను నమ్మలేదు. నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. అత్తయ్య వచ్చి నిలబడి ఉంది. చేతిలో కలం, మూత తీసే ఉంది.

"పది నిమిషాలే అమ్మాయ్. ఎప్పుడూ పది నిమిషాలే" అంది. "ఆ అధ్యాయం ఒక్కటీ అయిపోతే..."

"అయిపోయిందిగా. ఏడోది నేను చదివాను."

"అది కాదు. అక్కడ తప్పు రాశాను. మళ్ళీ రాస్తున్నాను." ఆవిడ గది లోపలికి చూడటం లేదు. తలుపు చెక్కని చూస్తోంది. "ఆవిడకి వినపడలేదు. కథలో మునిగిపోయింది. నిజంగానే వినపడలేదు."

"ఎవరికి?"

ఆవిడ తలుపు చెక్క మీద చెయ్యి వేసింది.

పిచ్చుకని ఎత్తుకుని ముందు గదిలోకి వెళ్తూ బల్ల మీద నోట్‌బుక్ చూశాను. సిరా ఇంకా తడిగా ఉంది. 'మూడుసార్లు తట్టారు. ఆమె వినలేదు.' దాని కింద అదే వాక్యం మళ్ళీ ఉంది. దాని కింద మళ్ళీ. పేజీ మొత్తం అదే ఉంది.

*

పిల్లని డాక్టరుకి చూపించి తీసుకొచ్చాక, మామయ్య పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీశాను. గొళ్ళెం ఊడదీయడానికి చాలాసేపే పట్టింది. స్క్రూల తలల్లో పొరలు పొరలుగా రంగు. అత్తయ్య తన గదిలో మంచం మీద కూర్చుని ఆ చప్పుడు వింటూనే ఉంది. రాలేదు, వద్దనలేదు.

ఆరింటికి అందరూ టీకి చేరారు. పిచ్చుక నా ఒళ్ళో ఉంది, మావారి ఫోనులో బొమ్మలు చూస్తోంది. పిల్లకి ఆయాసం వచ్చిందని మాత్రమే మావారికి ఫోనులో చెప్పాను. ఆయన దాని వీపు మీద చెవి ఆనించి, "ఇప్పుడు క్లియర్‌గా ఉంది. వాన గాలి పడలేదు దీనికి" అన్నారు.

మామయ్య వెనక వసారాలోంచి కొవ్వొత్తి ముక్క పట్టుకుని వచ్చారు. "వెనక గది గొళ్ళెం ఎవరు తీశారమ్మా? స్క్రూ బెజ్జాలు పడ్డాయి."

జేబురుమాల్లో చుట్టి ఉంచిన గొళ్ళేన్ని బల్ల మీద పెట్టాను. గుడ్డకి నూనె మరక అయింది.

"నేనే తీశాను మామయ్యా."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, గడియారం ముక్కని చూసినట్టు కంటి దగ్గర పెట్టుకుని చూశారు. బొటనవేలితో జరిపారు. చప్పుడు లేకుండా జరిగింది. ఇంకోసారి జరిపారు.

"దీనికి నూనె ఎవరు రాశారు?" అన్నారు. ఇంకా నెమ్మదిగా, "ఇది పనిచేస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదే. ఆ తలుపు బిగుసుకునేది కదూ?" అని అత్తయ్య వైపు తిరిగారు.

ఆవిడ గ్లాసులోకి చూస్తోంది. ఆయనతో కాదు, నాతో అంది. "అమ్మాయ్. ఆ మాట దిద్దకు. ముందు రాసిందే ఉంచు."

"ఏ మాట?" అన్నారు మామయ్య.

ఆవిడ గ్లాసు దూరంగా జరిపింది. ఆయన చేతిలో కొవ్వొత్తి ముక్క రెండుగా విరిగింది. ఆయన చూసుకోలేదు.

"ఏంటిది? నాకేమీ అర్థం కావడం లేదు. ఎవరైనా సరిగ్గా చెప్పండి" అన్నారు మావారు.

చెప్పడానికి చాలా ఉంది. దాంట్లో సగం నాది కాదు. నాది ఎంతో అంత, గొంతు పెంచకుండా చెప్పాను.

"వెనక గదికి బయటి నుంచి గొళ్ళెం పెడుతున్నారని రెండు వారాల క్రితమే చూశాను. చూసి ఊరుకున్నాను. ఇవాళ పొద్దున్న పిచ్చుక చెప్పాక కూడా మధ్యాహ్నం దాకా కూర్చుని పని చేసుకున్నాను. రేపటి నుంచి బడి అవగానే దాన్ని నేనే తెచ్చుకుంటాను. ప్రెస్‌లో నా బల్ల పక్కన కూర్చుంటుంది. వాళ్ళు ఒప్పుకోకపోతే ఉద్యోగం మానేస్తాను. నేను లేకుండా ఈ ఇంట్లో ఇక ఒక్క మధ్యాహ్నం కూడా దాన్ని వదలను."